నేర్చుకునే మిడ్‌వైఫ్‌కు ఎవరు తోడుండాలి, ఎక్కడ, ఎంతకాలం?

ట్రైనింగ్‌లో చేసిన పనులు రాసుకునే నా పాత లాగ్ బుక్‌లో మొదటి కాన్పు నేనే చేసినట్టు రాసి ఉంది. కింద సంతకం కూడా ఉంది. జరిగింది మాత్రం వేరు. బిడ్డ తల కనపడగానే సీనియర్ సిస్టర్ నన్ను భుజంతో పక్కకు జరిపి, "టైమ్ లేదు, నువ్వు చూస్తూ ఉండు" అన్నారు. రెండు నిమిషాల్లో అంతా అయిపోయింది. బిడ్డను తుడిచి తల్లి పక్కన పడుకోబెట్టడమే నా వంతుకు మిగిలింది. సాయంత్రం ఆవిడే పిలిచి పుస్తకంలో సంతకం పెట్టారు. ఆవిడేం చెడ్డ మనిషి కాదు. ఆ పూట ఆరుగురు నొప్పుల మీద ఉన్నారు, డ్యూటీలో ఉన్నది ఇద్దరు సిస్టర్లు. నేనెవరో, అంతకుముందు ఏం చేశానో, నా చేతులు ఎలా ఆడతాయో ఆవిడకు తెలియదు. తెలియని చేతుల్లోకి బిడ్డను ఎవరైనా ఎలా వదులుతారు?

ఇప్పుడు ఆవిడ నిలబడిన చోట నేనున్నాను. ట్రైనీలు నా పక్కన నిలబడతారు. ట్యూటర్లు, లేబర్ రూమ్ ఇన్‌ఛార్జులు, నర్సింగ్ స్కూల్ ప్రిన్సిపాల్ మేడమ్‌లు కలిసినప్పుడల్లా వచ్చే ప్రశ్న ఒకటుంది: "ఈ పిల్లలకు సపోర్ట్ ఎలా ఇవ్వాలి?" సపోర్ట్ అనగానే చాలామందికి కౌన్సెలింగ్ క్లాసో, మోటివేషన్ స్పీచో గుర్తొస్తుంది. నేను చూసినంతలో అసలైన సపోర్ట్ డ్యూటీ చార్ట్‌లోనే ఉంది. ఎవరితో వేశారు, ఎక్కడ వేశారు, ఎన్ని వారాలు వేశారు అన్న దాంట్లోనే సగం తేలిపోతుంది. అందుకే మన ముందున్న దారులను పక్కపక్కన పెట్టి, ఏది ఎవరికి సరిపోతుందో నాకు తెలిసినంతలో చెబుతాను. దేన్ని ఎంచుకోవాలన్నా నేను వేసుకునే ప్రశ్న ఒక్కటే. ఒకే మనిషి కళ్లు ఒకే ట్రైనీ చేతులను ఎక్కువ రోజులు చూడగలిగేది ఏ పద్ధతిలో?

ముందు మీ ట్రైనీ ఎవరో చూసుకోండి

లేబర్ రూమ్‌కు నేర్చుకోవడానికి వచ్చేవాళ్లు రెండు రకాలు. రెండేళ్ల ఏఎన్‌ఎం, మూడేళ్ల జీఎన్‌ఎం, నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్ చదివే అమ్మాయిలు ఒక రకం. వీళ్లలో చాలామంది కాన్పును కళ్లారా చూడటం అదే మొదటిసారి. కొందరు కళ్లు తిరిగి పడిపోతారు. అందులో సిగ్గుపడాల్సిందేం లేదు.

రెండో రకం, ఇప్పటికే స్టాఫ్ నర్సుగా పనిచేస్తూ మిడ్‌వైఫరీ, అంటే మామూలు కాన్పులను దగ్గరుండి చేసే పని, నేర్చుకునే ట్రైనింగ్‌కు వచ్చినవాళ్లు. తెలంగాణ ప్రభుత్వం యూనిసెఫ్, హైదరాబాద్‌లో కాన్పుల ఆస్పత్రులు నడిపే ఫెర్నాండెజ్ ఫౌండేషన్‌లతో కలిసి 2017లో ఈ పద్దెనిమిది నెలల కోర్సు మొదలుపెట్టింది. మొదటి బ్యాచ్ కరీంనగర్‌లో నడిచింది. 2018 డిసెంబర్‌లో కేంద్రం దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చి, నర్స్ ప్రాక్టీషనర్ ఇన్ మిడ్‌వైఫరీ అనే కొత్త కేడర్‌కు దారి వేసింది. పన్నెండు నెలలు ట్రైనింగ్ ఇచ్చే చోటే ఉండి నేర్చుకోవాలి, ఆ తర్వాత ఆరు నెలలు పనిలో సాధన చేయాలి.

ఈ కోర్సు మన దగ్గర ఎందుకు ముఖ్యమో ఒక్క లెక్క చాలు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు ఆపరేషన్లే. ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం. దేశం మొత్తం మీద 21.5 శాతం. తెలంగాణ ప్రైవేటు ఆస్పత్రుల్లో ఐదింట నాలుగుకు పైగా కాన్పులు ఆపరేషన్‌తోనే జరిగాయి. నొప్పులు పడుతున్న అమ్మ పక్కన గంటల తరబడి ఓపిగ్గా కూర్చునే మనిషి ఉంటే, ఆ ఆపరేషన్లలో కొన్నిటి అవసరం రాదు. ఆ మనిషిని తయారు చేసే పని మనది.

చదువుకునే పిల్లకు ధైర్యం కావాలి. స్టాఫ్ నర్సుగా వచ్చినావిడకు ధైర్యం ముందే ఉంది. డ్రిప్ పెట్టగలదు, కళ్లు మూసుకుని ఇంజెక్షన్ ఇవ్వగలదు. ఆవిడ కష్టమంతా పాత అలవాట్లు మానుకోవడంలో ఉంటుంది. వెల్లకిలా పడుకోబెట్టడం, "ముక్కమ్మా, ముక్కు" అని అరవడం, మొదటి కాన్పంటే బిడ్డ బయటికొచ్చే దారి దగ్గర కోత పెట్టి తీరాలనుకోవడం, ఇవన్నీ ఏళ్ల తరబడి ఆవిడ చేతులకు అలవాటైన పనులు. మానిపించడానికి నేర్పడం కంటే ఎక్కువ ఓపిక కావాలి. ఇంకో మాట కూడా చెప్పాలి. పదేళ్ల సర్వీసున్న నర్సును "ఏయ్ పిల్లా" అని పిలవకండి. ఇంట్లో ఇద్దరు పిల్లల తల్లి, వార్డులో పేరున్న సిస్టర్ మళ్లీ స్టూడెంట్ బెంచీ మీద కూర్చుంది. "సిస్టర్, మీరు" అని మొదలుపెడితే ఆవిడ తనకు తెలియనిది తెలియదని నోరు తెరిచి అడుగుతుంది. లేకపోతే దాచుకుంటుంది.

ఎవరి చేతికి అప్పగించాలి?

దీని మీదే ఎక్కువ రాస్తాను, ఎందుకంటే మిగతావన్నీ దీని వెనకే నడుస్తాయి.

మన ఆస్పత్రుల్లో ఎక్కువగా కనిపించేది, డ్యూటీలో ఎవరుంటే వాళ్ల దగ్గర నేర్చుకోవడం. ఇందులో మంచి లేదని అనను. పదిమంది చేతివాటం చూస్తారు, ఎవరి దగ్గర ఏది బాగుందో పట్టుకుంటారు. స్టాఫ్ తక్కువున్న చోట ఇంకో దారి కూడా ఉండదు. కానీ ట్రైనీకి ప్రతి పొద్దూ మొదటి రోజే. నిన్న చేసి చూపించింది ఈరోజు సిస్టర్‌కు తెలియదు. ఒకరు అవునన్నది ఇంకొకరు కాదంటారు. బిడ్డ తల వచ్చేటప్పుడు చెయ్యి పెట్టి ఆపమని ఒకరు, ముట్టుకోవద్దని ఇంకొకరు. మధ్యలో నలిగేది ఆ అమ్మాయి. చివరికి అందరూ ఉన్నట్టే ఉంటారు కానీ, "ఈ పిల్ల ఎంతవరకు వచ్చింది" అంటే చెప్పగలిగేవాళ్లు ఒక్కరూ ఉండరు.

ఒకే సీనియర్‌కు అప్పగించడం ఇంకో పద్ధతి. ఆవిడకు మార్నింగ్ పడితే ట్రైనీకీ మార్నింగే, నైట్ పడితే నైటే. రెండు వారాలు తిరిగేసరికి సీనియర్‌కు ట్రైనీ చేతులు తెలిసిపోతాయి. ఎక్కడ తొందరపడుతుందో, ఎక్కడ బిగుసుకుపోతుందో చెప్పకుండానే తెలుస్తుంది. అప్పుడే వెనక్కి జరిగి నిలబడగలం. ఈ పద్ధతిలో రెండు ముళ్లున్నాయి. ఆ సీనియర్ సెలవు పెడితే ట్రైనీ మళ్లీ గాలిలో వేలాడుతుంది. ఇద్దరికీ పొసగకపోతే నెలలు నరకమవుతాయి. ఆ మాట ట్రైనీ పైకి చెప్పుకోలేదు, మార్కులు ఆవిడ చేతిలోనే ఉంటాయి మరి.

నేను ఎంచుకునేది ఇద్దరి పద్ధతి. ఒకరు ముఖ్యం, రెండోవారు తోడు. వారంలో ఎక్కువ డ్యూటీలు ముఖ్యమైన సీనియర్‌తోనే పడాలి. ఆవిడ లేనిరోజు తోడుగా ఉన్న రెండో ఆవిడే చూసుకోవాలి, మూడో మనిషి దగ్గరికి వెళ్లకూడదు. ఈ ఇద్దరూ వారానికోసారి ఐదు నిమిషాలు మాట్లాడుకుంటే చాలు. చార్ట్ వేసే ఇన్‌ఛార్జికి ఇది తలనొప్పే, నాకు తెలుసు. అందుకే అందరికీ ఒకేసారి చేయాలని పట్టుబట్టకండి. కొత్తగా వచ్చినవాళ్లకు మొదటి ఆరు వారాలు ఇలా వేసి చూడండి. ఆ తర్వాత కాస్త వదిలినా తట్టుకుంటారు.

నేర్పేవాళ్లూ మార్కులు వేసేవాళ్లూ ఒకరే కావాలా అన్నది ఇక్కడే తేల్చుకోవాలి. బ్రిటన్‌లో నర్సులు, మిడ్‌వైఫ్‌ల రెగ్యులేటర్ 2018లో పాత మెంటర్ పద్ధతిని తీసేసి, రోజూ పక్కనుండి నేర్పేవాళ్లను, పాస్ చేసేవాళ్లను విడదీసింది. అక్కడ పనిచేసే మన తెలుగు సిస్టర్లకు ఇది బాగా తెలుసు. నాకు ఈ ఆలోచన నచ్చింది. నేర్పే మనిషి ముందు తప్పు ఒప్పుకోగలగాలి. ఆ తప్పు రేపు మార్కుల్లో కనపడుతుందంటే ఎవరు ఒప్పుకుంటారు? మన చిన్న ఆస్పత్రుల్లో ఇద్దరిని వేరువేరుగా పెట్టడం కష్టం. కనీసం చివరి పరీక్ష రోజు వేరే షిఫ్ట్ సీనియర్‌ను కూర్చోబెట్టడం మాత్రం ఎక్కడైనా కుదురుతుంది.

ఇక పక్కన నిలబడే తీరు. నా ట్రైనీతో మొదటి రోజే రెండు మాటలు ఒప్పందం చేసుకుంటాను. "నేనున్నా" అన్నానంటే నువ్వు చేసేది సరిగ్గానే ఉంది, కానివ్వు అని. "చెయ్యి ఇవ్వు" అన్నానంటే ఆ క్షణమే వదిలేసి పక్కకు రావాలి, కారణం తర్వాత చెబుతాను. ఈ రెండు తప్ప తల్లి ముందు మా మధ్య వేరే మాట ఉండదు. ఇలా ఎందుకంటే, తప్పును దిద్దడానికి రెండు సమయాలున్నాయి, అక్కడికక్కడే అయినా కావాలి, కాన్పు అయ్యాకైనా కావాలి. తల్లికో బిడ్డకో ప్రమాదం అనిపిస్తే అప్పుడే, ఒక్క మాటతో. మిగతాదంతా తర్వాత, తలుపు వేసుకుని. తల్లి వింటుండగా ట్రైనీని తిడితే ఆ అమ్మ కూడా భయపడుతుంది. తనను చూసుకునే మనిషికి పని రాదని అనుకుంటుంది. భయపడితే నొప్పులు సాగవు. అరుపులు విని పెరిగిన స్టూడెంట్ రేపు సీనియర్ అయ్యాక తానూ అరుస్తుంది. ఇది నేను చాలాసార్లు చూశాను.

పెద్దాసుపత్రా, చిన్నదా, మిడ్‌వైఫ్‌లు నడిపే యూనిటా?

టీచింగ్ హాస్పిటల్‌కు పంపితే కేసులకు కొదవ ఉండదని అందరూ అనుకుంటారు. కేసులుంటాయి, నిజమే. బీపీ పెరిగిన వాళ్లు, ఫిట్స్ వచ్చిన వాళ్లు, కవలలు, ఎదురుకాళ్ల బిడ్డలు అన్నీ కళ్లబడతాయి. కానీ ఒక్క మంచం చుట్టూ ఎంతమంది నిలబడతారో కూడా లెక్కపెట్టండి. పీజీలకు కేసులు కావాలి, హౌస్ సర్జన్లకు కావాలి, రెండు మూడు కాలేజీల నర్సింగ్ స్టూడెంట్లకు కావాలి. ఆ వరసలో మన ట్రైనీ చిట్టచివర ఉంటుంది. మూడు నెలలు నిలబడి, ట్రే అందించి, కేస్ షీట్ రాసి వచ్చినవాళ్లు నా దగ్గరికి వచ్చారు. చూడటం నేర్చుకున్నారు, చేయడం ఇంకా మొదలుకాలేదు.

ఏరియా ఆస్పత్రిలో కాన్పులు తక్కువ. కొన్ని రాత్రులు ఒక్కటీ ఉండదు. కానీ ఉన్న ఆ ఒక్క తల్లి దగ్గర ట్రైనీ మొదటి నుంచి చివరిదాకా కూర్చోవచ్చు. పొట్ట మీద చెయ్యి ఆనించి, గోడ గడియారం చూస్తూ, పది నిమిషాల్లో ఎన్ని నొప్పులు వచ్చాయో, ఒక్కోటి ఎంతసేపు ఉందో లెక్కపెట్టవచ్చు. చిన్న పనిలా కనిపిస్తుంది గానీ, పది నిమిషాలు మాట్లాడకుండా, ఫోన్ చూడకుండా, ఒక పొట్ట మీద చెయ్యి పెట్టుకుని కూర్చోవడం చాలామందికి చేతకాదు. నొప్పి రాబోయే ముందు కండరం మెల్లగా బిగిసే తీరు, తల్లి మొహంలోకి రాకముందే మన అరచేతికి తెలియడం, ఇదంతా హడావుడి వార్డులో దొరకదు.

మిడ్‌వైఫ్‌లు నడిపే యూనిట్ మూడోది. డాక్టర్ల లేబర్ రూమ్‌కు దగ్గర్లోనే ఉంటుంది, ప్రమాదం లేని కాన్పులే ఇక్కడికి వస్తాయి. అమ్మ నడుస్తుంది, బంతి మీద కూర్చుంటుంది, మోకాళ్ల మీద వాలుతుంది, మంచినీళ్లు తాగుతుంది, ఇష్టమైన మనిషిని పక్కన పెట్టుకుంటుంది. పాత అలవాట్లు మానుకోవాల్సిన స్టాఫ్ నర్సుకు ఇంతకంటే మంచి బడి లేదు. వెల్లకిలా పడుకోకుండా కూడా బిడ్డ చక్కగా పుడుతుందని నేను వంద క్లాసుల్లో చెప్పినా నమ్మనావిడ, ఇక్కడ ఒక్కసారి చూసి నమ్ముతుంది. లోటేమిటంటే, ఇక్కడే ఉండిపోతే ప్రమాదం వచ్చినప్పుడు ఎలా ఉంటుందో తెలియదు. ఎప్పుడు డాక్టర్‌ను పిలవాలో తెలియడం మిడ్‌వైఫ్ పనిలో సగం.

ఎంచుకునే అవకాశం మీకుంటే నా వరస ఇది. చదువుకునే పిల్లలను ముందు నెమ్మదిగా నడిచే చోటికి, ఆ తర్వాత పెద్దాసుపత్రికి పంపండి. స్టాఫ్ నర్సులను ముందే మిడ్‌వైఫ్ యూనిట్‌లో దించండి, మధ్యలో పెద్దాసుపత్రి చూపించండి, చివరి నెలలకు మళ్లీ యూనిట్‌కు తీసుకురండి. పెద్దాసుపత్రి తప్ప ఇంకోటి లేదంటే, నైట్ డ్యూటీలు ఎక్కువ వేయండి. రాత్రి రెండింటికి మంచం చుట్టూ జనం పల్చబడతారు, సీనియర్‌కూ నేర్పే తీరిక దొరుకుతుంది. కాకపోతే వరసగా మూడు రాత్రులకు మించొద్దు. నిద్రలేని చేతులు ఏమీ నేర్చుకోవు.

బొమ్మ మీదా, మనిషి మీదా?

ఇది పెద్ద చర్చే కాదు. రెండూ కావాలి. అరుదుగా వచ్చే ప్రమాదాలకు మాత్రం బొమ్మ తప్పనిసరి. తల వచ్చి భుజం ఇరుక్కోవడం, పుట్టగానే ఏడవని బిడ్డకు మొదటి నిమిషంలోపే బ్యాగ్ మాస్క్‌తో ఊపిరి అందించడం, కాన్పు తర్వాత రక్తం ఆగకపోవడం లాంటివి వచ్చినప్పుడు నేర్పే టైమ్ ఉండదు, చేసే టైమే ఉంటుంది. చేతులకు ముందే తెలిసి ఉండాలి.

ఖరీదైన బొమ్మ లేదని బాధపడకండి. నేను ఒక లీటర్ సీసాలో ఎర్రరంగు నీళ్లు కలిపి, అందులోంచి సరిగ్గా 500 మిల్లీలీటర్లు కొలిచి, కొంత దుప్పటి మీద, కొంత ప్యాడ్ల మీద, కొంత నేల మీద పోస్తాను. ఎంతుందో చెప్పమంటాను. చాలామంది రెండు వందలు, రెండు వందల యాభై అంటారు. పదేళ్ల అనుభవమున్న వాళ్లూ అంతే. తర్వాత కొలత గ్లాసు చూపిస్తే గదంతా నిశ్శబ్దమైపోతుంది. ఐదు వందలు దాటితే అది ప్రమాదమని పుస్తకంలో చదివిందే, కానీ దుప్పటి మీద అది ఎలా కనపడుతుందో ఆ రోజు తెలుస్తుంది. దీనికయ్యే ఖర్చు ఒక రంగు పొట్లం, ఒక పాత దుప్పటి.

ల్యాబ్‌లో మూడు నెలలు కూర్చోబెట్టి ఆ తర్వాత లేబర్ రూమ్‌లోకి పంపే పద్ధతి మాత్రం నాకు నచ్చదు. బొమ్మ మూలగదు, చెయ్యి పట్టుకోదు, "సిస్టర్, నా వల్ల కాదు" అనదు. పొద్దున ల్యాబ్, అదే వారంలో లేబర్ రూమ్, ఇలా కలిపి నడిపితేనే చేతులకూ మనసుకూ రెండిటికీ పని ఉంటుంది.

ఎన్ని కాన్పులా, ఒక్కో అమ్మ వెంట ఎంతదూరమా?

సంఖ్య ఉండాలి. యూరోపియన్ యూనియన్ నిబంధనల ప్రకారం మిడ్‌వైఫ్ స్టూడెంట్ మామూలుగా కనీసం 40 కాన్పులు తన చేతుల మీదుగా చేయాలి, మన కోర్సుల్లోనూ దేనికి తగ్గ లెక్క దానికుంది. లెక్క లేకపోతే ఎవరూ అవకాశం ఇవ్వరు. కానీ లెక్క ఒక్కటే పెడితే ట్రైనీ తల కనపడే వేళకు పరిగెత్తుకొచ్చి, బిడ్డను పట్టుకుని, ఇంకో మంచానికి పరిగెడుతుంది. ఆ తల్లి పేరు కూడా తెలియదు. ఆస్ట్రేలియాలో స్టూడెంట్లు కొంతమంది గర్భిణులను మొదటి నుంచి పురుడు అయ్యేదాకా వెంట ఉండి చూసుకోవాలనే నియమం ఉంది. మనమూ చేయొచ్చు. చెకప్‌కు వచ్చే వాళ్లలో ఇద్దరు ముగ్గురిని ట్రైనీకి అప్పగించండి. వాళ్లు వచ్చిన ప్రతిసారీ ఆమే బీపీ చూడాలి, పొట్ట చూడాలి, బిడ్డ గుండె చప్పుడు వినాలి. నొప్పులు మొదలైతే ఆమెకే ఫోన్ రావాలి. హాస్టల్ దగ్గరుంటేనే ఇది సాధ్యం, ఊరు నుంచి వచ్చిపోయేవాళ్లకు పెట్టకండి. ముగ్గురిలో ఇద్దరి కాన్పు ఆమె డ్యూటీలో లేనప్పుడు జరిగినా ఫరవాలేదు. మూడోది ఆమె ఎప్పటికీ మర్చిపోదు.

చెడ్డరోజు తర్వాత

కడుపులోనే బిడ్డ పోయిన కాన్పు అది. గుండె చప్పుడు వినపడలేదని మొదట గుర్తించింది నా ట్రైనీయే. బిడ్డ గుండె చప్పుడు వినిపించే డాప్లర్‌ను పొట్ట మీద జరిపి జరిపి చూసి, నా వైపు చూసింది. నేను ఆ చూపును అర్థం చేసుకుని డాక్టర్‌ను పిలిచాను. కాన్పు అయిపోయి, అంతా సర్దాక చూస్తే ఆ అమ్మాయి సింకు దగ్గర చేతులు కడుక్కుంటోంది. ఐదు నిమిషాల తర్వాత వచ్చినా కడుక్కుంటూనే ఉంది. వేళ్ల చర్మం ముడతలు పడిపోయింది.

ఇలాంటప్పుడు మనవాళ్లు ఎక్కువగా చేసేది, ఏమీ జరగనట్టు ఇంకో పని చెప్పడం. "ఇవన్నీ మామూలే, అలవాటు పడాలి" అనడం. గట్టిపడాలని మంచి మనసుతోనే అంటారు. గట్టిపడేది మనసొక్కటే కాదు, చేతులు కూడా మొద్దుబారతాయి. కొందరు జాలిపడి ఇంటికి పంపేస్తారు. అదీ సరికాదు. ఒంటరిగా బస్సులో కూర్చుని గుండె చప్పుడు తాను ముందే పట్టి ఉంటే ఏమయ్యేదో అని అదేపనిగా తలుచుకుంటుంది. మరికొన్ని చోట్ల మర్నాడు మీటింగ్ పెట్టి అందరి ముందు ఏం జరిగిందో చెప్పమంటారు. ఆ మీటింగ్ అవసరమే, ఆస్పత్రి నేర్చుకోవాలి కదా. కానీ ట్రైనీకి అదే మొదటి మాట కాకూడదు.

నేను చేసేది చెబుతాను. ఆ షిఫ్ట్‌లోనే, వీలైతే అరగంటలోపే, చాయ్ తెప్పించి పక్కన కూర్చుంటాను. ఓదార్పు మాటలేవీ ముందు చెప్పను. ఏం జరిగిందో గడియారం ప్రకారం వరసగా చెప్పమంటాను. ఎన్నింటికి వచ్చారు, ఎన్నింటికి విన్నావు, ఏం వినపడింది, నన్ను ఎప్పుడు పిలిచావు. వరసగా చెబుతుంటే తాను చేసింది సరైనదేనని ఆమె నోటితోనే ఆమెకు తెలుస్తుంది. ఎక్కడైనా తప్పుంటే అదీ ఆమెకే కనపడుతుంది, దాన్ని దాచను. ఆ తర్వాత ఇంటికి వెళ్లే ముందు వార్డులో బాగున్న తల్లీబిడ్డల దగ్గరికి తీసుకెళ్తాను. బిడ్డను రొమ్ముకు పట్టించడంలో సాయం చేయమంటాను. ఆ రోజు ఆ చేతులు చివరగా పట్టుకున్నది ఊపిరున్న బిడ్డను కావాలి. తర్వాతి డ్యూటీ తప్పకుండా నాతోనే వేయిస్తాను. రెండు మూడు రోజులు గడిచాక మీటింగ్.

రెండు వారాలైనా నిద్ర పట్టడం లేదన్నా, లేబర్ రూమ్ గడప దగ్గరే ఆగిపోతున్నా, తిండి మానేసినా మన చాయ్ సరిపోదు. కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ 14416కు ఫోన్ చేస్తే ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు. ఆ నంబరును నోటీసు బోర్డు మీద అంటించి వదిలేయకండి. పక్కన కూర్చుని, మీరే కలిపి ఇవ్వండి.

ఇంట్లోవాళ్లు చదువుతుంటే

భార్యో, కోడలో, కూతురో ట్రైనింగ్‌లో ఉంటే మీరు ఎంచుకోవాల్సింది ముఖ్యంగా ఒక్కటి, హాస్టలా, ఇంటి నుంచి రాకపోకలా. గంటకు మించిన ప్రయాణమైతే నైట్ డ్యూటీల వారాల్లో హాస్టల్లోనే ఉండనివ్వండి. వారాంతపు సెలవుకు ఇంటికి రానివ్వండి. పిల్లలు ఏడుస్తున్నారని డ్యూటీ మధ్యలో ఫోన్ చేయకండి. రోజుకో టైమ్ పెట్టుకుని, ఆ టైమ్‌కే పిల్లల చేత మాట్లాడించండి. డ్యూటీ దిగి వచ్చాక గంటన్నరైనా నిద్రపోనివ్వండి, వంట ఆ తర్వాత. పక్కింటావిడ "ఎన్ని డెలివరీలు చేశావు?" అని అడుగుతుంది. మీరు మాత్రం "ఈ వారం ఎవరి పక్కన కూర్చున్నావు?" అని అడగండి. ఆ జవాబు పొడుగ్గా ఉంటుంది, వినండి.

లాగ్ బుక్ గళ్లు

మామూలు లాగ్ బుక్‌లో కాన్పుకు ఒక్క గడి ఉంటుంది, చేసినట్టో చేయనట్టో. దాన్ని అలాగే ఉంచితే పని తేలికే, ఆడిట్‌కు కూడా సరిపోతుంది. దాని పక్కనే విడిగా డైరీ రాయించే పద్ధతి ఇంకోటుంది. మంచిదే, కానీ అలసిపోయి వచ్చినవాళ్లు పేజీలు నింపడానికి ఒకరి దాంట్లోంచి ఇంకొకరు చూసి రాస్తారు. నేను రెండిటికీ మధ్యలో ఒకటి పెట్టుకున్నాను. స్కూల్ ఇచ్చిన పుస్తకంలో నా చేత్తోనే గీత గీసి మూడు గళ్లు చేస్తాను: చూశాను, పక్కన చెయ్యి ఉండగా చేశాను, నేనే చేశాను. టిక్ ముందు ట్రైనీ పెట్టాలి. ఆ తర్వాతే నా సంతకం. ఎదురుగా ఒక్క వాక్యం రాయాలి, ఈరోజు నా చేతికి తెలిసిందేమిటో.

మొన్న ఒకమ్మాయి మూడో గడిలో టిక్ పెట్టి, కాసేపు ఆగి, దాన్ని కొట్టేసి రెండో గడిలో పెట్టింది. బాగా చేసిన కాన్పది, తల్లికి ఒక్క కుట్టు కూడా పడలేదు. ఎందుకు మార్చావని అడిగాను. "భుజం వచ్చేటప్పుడు మీ చెయ్యి తగిలింది కదా మేడమ్" అంది. నేను రెండో గడి పక్కనే సంతకం పెట్టాను.